సౌత్‌డేల్‌లో ఎవరెవరు అద్దెకున్నారు

అందరికీ నమస్కారం అండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ఇంత మంచులో కూడా బండ్లు వేసుకుని వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, మొహమాటపడకుండా రండి.

ఈసారి మన ఊరి చరిత్ర ఏదైనా చెప్పమన్నారు, మన ఊరంటే ఇప్పుడు ఇదే కదా, ఈ మిన్నియాపాలిస్ చుట్టుపక్కల. నేను సౌత్‌డేల్ గురించి చెప్తానన్నాను. మాల్ గురించి ఏముంటుందండీ చెప్పడానికి అని ఒకరిద్దరు ఫోన్ చేసి మరీ అడిగారు. నేను పద్నాలుగేళ్ళు లీజులు చదివే ఉద్యోగం చేశాను. అంటే దుకాణం వాడు ఎంత అద్దె కట్టాలి, అది ఎప్పుడు పెరుగుతుంది, ఏం జరిగితే వాడు ఖాళీ చేసి వెళ్ళిపోవచ్చు, ఇవన్నీ ఇంతింత లావు కాగితాల కట్టల్లోంచి వెతికి కంప్యూటర్లోకి ఎక్కించడం. ఆ పనిలో కొన్నాళ్ళు ఉన్నాక ఏ మాల్‌లోకి వెళ్ళినా గోడలూ గాజు తలుపులూ కనపడటం మానేశాయి నాకు, ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చెయ్యేసి నిలబడ్డ అద్దెదారులు కనపడేవాళ్ళు. ఒకడు చెయ్యి తీస్తే పక్కవాడు తూలతాడు. ఇవాళ చెప్పేదంతా ఆ చేతుల గురించే అనుకోండి.

సౌత్‌డేల్ మిన్నియాపాలిస్ శివారు ఈడైనాలో ఉంది, ఫ్రాన్స్ అవెన్యూ 66వ స్ట్రీట్ దగ్గర, మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. 1956 అక్టోబర్ 8న తెరిచారు. అమెరికాలో మొత్తం పైకప్పు వేసి, లోపల ఏడాదంతా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన మొదటి పెద్ద షాపింగ్ సెంటర్ అదే. అంతకుముందు షాపింగ్ సెంటర్లు లేవా అంటే ఉన్నాయి, కానీ షాపుకీ షాపుకీ మధ్య ఆకాశం కనపడేది, వాన పడితే తడవాల్సిందే. సౌత్‌డేల్‌కి ఖర్చు 2 కోట్ల డాలర్లు, 72 షాపులు, 5,200 కార్లు పట్టే పార్కింగు. మొదటి రోజే 75,000 మంది వచ్చారని అప్పట్లో రాశారు. మధ్యలో పెద్ద తోట, దానికి గార్డెన్ కోర్ట్ ఆఫ్ పెర్పెచువల్ స్ప్రింగ్ అని పేరు పెట్టారు, అంటే వసంతం పోని తోట అన్నమాట. చేపల చెరువు, 21 అడుగుల ఎత్తు పంజరం, అందులో రంగురంగుల పిట్టలు, హ్యారీ బెర్టోయా చేసిన బంగారు రంగు చెట్ల శిల్పాలు. బయట ఇప్పుడున్నట్టే మోకాళ్ళ దాకా మంచు, లోపల పిట్టలు కూస్తున్నాయి. జనవరిలో ఇక్కడ కారు మంచు గీక్కున్నవాళ్ళకి ఆ మాట ఎంత విలువైందో తెలుస్తుంది.

దీన్ని గీసినాయన విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు, 1938లో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చాక పారిపోయి అమెరికా చేరాడు. వియన్నా వీధుల్లో తిరిగి పెరిగినవాడు కదా, ఇక్కడి శివార్లు చూసి ఆయనకి దిగులేసింది. ఇల్లు, కారు, రోడ్డు, మళ్ళీ ఇల్లు, మనుషులు ఒకళ్ళకొకళ్ళు తారసపడే చోటే లేదు. మనం కొత్తగా వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఒక్క మనిషి కూడా నడవట్లేదేంటి అనుకున్నాం చూడండి, అదే దిగులు. అందుకని ఆయన షాపుల బొమ్మ ఒక్కటే గియ్యలేదు. 463 ఎకరాల్లో అపార్ట్‌మెంట్లు, ఇళ్ళు, స్కూళ్ళు, ఆసుపత్రి, పార్కు, చెరువు, వీటన్నిటి మధ్యలో షాపులు, మొత్తం ఒక ఊరు గీశాడు. కట్టింది మాత్రం షాపులే ముందు. చుట్టూ ఉన్న నేల విలువ పెరిగింది, పెరిగాక ఎవరికి తోచింది వాళ్ళు కట్టుకున్నారు. ఆ బొమ్మ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తా.

ఇప్పుడు అసలు సంగతి, డబ్బు పెట్టింది ఎవరు. డేటన్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ వాళ్ళు, డౌన్‌టౌన్ మిన్నియాపాలిస్‌లో నికొలెట్ మీద ఉండేది వాళ్ళ పెద్ద కొట్టు. జనం శివార్లకి వెళ్ళిపోతున్నారు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వం ఇంటి అప్పులకి హామీ ఇస్తోంది, 1956 జూన్‌లో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం మీద సంతకం పెట్టాడు, 1954లో పన్నుల చట్టం మార్చి కొత్తగా కట్టిన వ్యాపార భవనాల ఖర్చుని మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా ఆదాయంలోంచి తీసేసి పన్ను తగ్గించుకోవచ్చన్నారు, ఇవన్నీ కలిసి శివారులో మాల్ కట్టడం లాభసాటి అయిపోయింది. డేటన్స్ వాళ్ళు ఇంకో పని చేశారు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. డౌన్‌టౌన్‌లో వాళ్ళకి బద్ధ పోటీదారు డొనాల్డ్‌సన్స్ అని ఒకటుంది. ఆ పోటీవాడినే తెచ్చి తమ కప్పు కిందే రెండో పెద్ద స్టోరుగా పెట్టారు. ఒక కొనకి వీళ్ళు, ఇంకో కొనకి వాళ్ళు. చీర కొనాలంటే నాలుగు కొట్లు చూడందే మన ఆడవాళ్ళు కొనరు కదా, ఇక్కడి ఆడవాళ్ళూ అంతే. ఇక్కడ నచ్చకపోతే అటు నడుస్తారు, ఆ నడకలో మధ్యలో ఉన్న 70 చిల్లర షాపుల ముందు నుంచి వెళ్ళాల్సిందే. ఆ నడకే మాల్‌కి ఊపిరి.

ఇంకో మాట కూడా చెప్పకపోతే తప్పవుతుంది. ఈ శివారు అందరి శివారు కాదు అప్పట్లో. ఈడైనాలో కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ ఉంది చూశారా, 1920ల్లో అక్కడ ఇళ్ళ దస్తావేజుల్లోనే తెల్లవాళ్ళు కానివాళ్ళకి అమ్మకూడదని రాసేవాళ్ళు. 1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతులని కోర్టుల ద్వారా అమలు చెయ్యకూడదంది, కానీ ఊరి రూపం ఒక్క తీర్పుతో మారదు. మనందరం ఇవాళ ఆ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కుని హాయిగా ఉంటున్నాం, కాబట్టి మనకి తెలిసి ఉండాలి.

మొదటి అద్దెదారులు ఎవరో చూడండి. రెండు పెద్ద స్టోర్లు కాకుండా ఊల్‌వర్త్, అంటే చవక సామాన్ల కొట్టు. వాల్‌గ్రీన్స్, మందుల షాపు. రెడ్ ఔల్ అనే కిరాణా సూపర్‌మార్కెట్. పోస్టాఫీసు. ఈ లిస్టు చూస్తే అర్థమయ్యేదేంటంటే అప్పట్లో మాల్‌కి వెళ్ళడం షికారు ఒక్కటే కాదు, స్టాంపులు, పాలు, దగ్గు మందు, అన్నీ అక్కడే.

మరి ఆ పాల కొట్టు ఎందుకు పోయింది? సౌత్‌డేల్ అనే కాదు, అమెరికాలో దాదాపు ప్రతి మాల్‌లోంచీ కిరాణా కొట్టు బయటికి వెళ్ళిపోయింది. ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొస్తుంది. మాల్‌లో చిన్న షాపు అద్దె రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి కనీస అద్దె. రెండోది అమ్మకాల మీద వాటా. ఊరికే లెక్క కోసం చెప్తున్నా, కనీస అద్దె ఏడాదికి 50,000 డాలర్లు, వాటా 5 శాతం అనుకోండి. 50,000ని 5 శాతంతో భాగిస్తే 10 లక్షలు. షాపు అమ్మకం ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిందంటే, ఆ పైన వచ్చే ప్రతి డాలర్లో 5 సెంట్లు ఓనరుకి. అందుకే అద్దెదారు ప్రతి నెలా తన అమ్మకాల లెక్క ఓనరుకి పంపాలి, ఓనరు ఆడిట్ కూడా చెయ్యొచ్చు. దీని పైన కామ్ అని ఇంకోటి, అంటే అందరూ వాడే చోట్ల దీపాలు, ఊడవడం, మంచు తియ్యడం, ఆ ఖర్చులో వాటా. ఇప్పుడు చెప్పండి, బట్టల కొట్టు వాడికి లాభం శాతం ఎక్కువ, ఈ అద్దె తట్టుకుంటాడు. కిరాణా వాడికి డాలర్ మీద మిగిలేదే ఒకటి రెండు సెంట్లు, పైగా వాడికి బోలెడంత చోటు కావాలి, తలుపు ముందే కారు ఆపుకునే వీలు కావాలి. వాడు పక్క రోడ్డు మీద సొంతంగా కట్టుకుని వెళ్ళిపోయాడు. పాలు పోయాయి, చెప్పులు వచ్చాయి. అద్దె లెక్క ఎలా రాస్తే షాపులు అలా వస్తాయండీ, ఇందులో ఎవరి రుచీ అభిరుచీ లేదు.

(ముందు వరసలోంచి ఒకరు అడిగారు: మరి పెద్ద స్టోర్లు కూడా ఇలాగే కడతాయా అని.)

మంచి ప్రశ్న మేడమ్, అక్కడికే వస్తున్నా. కట్టవు. పెద్ద స్టోర్లని యాంకర్లు అంటారు, లంగరు అని. లంగరు లేకపోతే ఓడ నిలవదు కాబట్టి వాళ్ళకి నామమాత్రం అద్దె, చాలా చోట్ల వాళ్ళ బిల్డింగూ దాని కింద నేలా కూడా వాళ్ళ సొంతమే. వాళ్ళు జనాన్ని రప్పిస్తారు, చిన్నవాళ్ళు అద్దె కడతారు. చిన్నవాళ్ళు మరీ అమాయకులేం కాదు, వాళ్ళ లాయర్లు లీజులో ఒక షరతు రాయించుకుంటారు, కో టెనెన్సీ అంటారు దాన్ని. ఫలానా పెద్ద స్టోరు మూతపడితే నా అద్దె సగం చెయ్యాలి, ఏడాదిలోపు ఇంకోటి తేకపోతే నేను వెళ్ళిపోతా అని. నేను ఆ ఉద్యోగంలో ఉండగా ఒక మాల్‌లో, పేరు వద్దు, పెద్ద స్టోరు ఒకటి మూసేస్తున్నారని శుక్రవారం సాయంత్రం తెలిసింది. సోమవారం పొద్దున్నించీ మేం నలుగురం కూర్చుని ఎవరెవరి లీజులో ఈ షరతు ఉందో ఏరడం మొదలుపెట్టాం. పంతొమ్మిది తేలాయి. పంతొమ్మిది షాపులు ఒక్కసారే అద్దె తగ్గించమని అడగొచ్చన్నమాట. ఆ పంతొమ్మిదిలో ఒక నగల కొట్టు దంపతులున్నారు, వాళ్ళకి లాయర్ లేడు, వాళ్ళ లీజులో షరతు లేదు. అందరికీ తగ్గింది, వాళ్ళకి తగ్గలేదు... కాదు, తప్పు చెప్పాను, పంతొమ్మిదిలో వాళ్ళు లేరు, వాళ్ళు ఇరవయ్యో వాళ్ళు. జనం రావడం తగ్గాక కూడా పూర్తి అద్దె కట్టింది వాళ్ళే. ఆ కాగితం కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. ఇప్పటికీ గుర్తొస్తుంటుంది.

మళ్ళీ సౌత్‌డేల్‌కి వద్దాం. ఇక్కడ ఓనరే యాంకర్, యాంకరే ఓనర్. అంటే డేటన్స్ వాళ్ళకి మాల్ బాగుండటం రెండు విధాలా అవసరం, అద్దె కోసమూ సొంత కొట్టు కోసమూ. కాబట్టే ఆ పంజరాలూ శిల్పాలూ. ఆ ఊపులోనే బ్రూక్‌డేల్ 1962లో, రోజ్‌డేల్ 1969లో, రిడ్జ్‌డేల్ 1974లో వచ్చాయి, మన డేల్స్ అన్నీ ఆ కుటుంబం పిల్లలే. 1966లో బి డాల్టన్ అని పుస్తకాల షాపులు మొదలుపెట్టారు, మొదటిది ఈడైనాలోనే, డేటన్ పేరునే కాస్త మార్చి డాల్టన్ అన్నారు. కానీ 1962 మే 1న వాళ్ళే ఇక్కడికి దగ్గర్లో రోజ్‌విల్‌లో ఇంకో రకం కొట్టు తెరిచారు, ఒంటరిగా, తన పార్కింగ్ తనదిగా, ధర తక్కువగా. దాని పేరు టార్గెట్. అదే ఏడాది వాల్‌మార్టూ, కేమార్టూ కూడా పుట్టాయి. మాల్‌ని కన్న చేతులే మాల్‌కి పోటీని కూడా కన్నాయి.

1978లో డేటన్ హడ్సన్ కంపెనీ, అప్పటికి డెట్రాయిట్ హడ్సన్స్‌తో కలిసిపోయింది, తన షాపింగ్ సెంటర్లని ఈక్విటబుల్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీకి అమ్మేసింది. పేపర్లో చిన్న వార్తే అయ్యుంటుంది, కానీ నన్నడిగితే సౌత్‌డేల్ చరిత్రలో తెరిచిన రోజు తర్వాత అంత పెద్ద రోజు అదే. ఇల్లు కట్టినవాడు అదే ఇంట్లో అద్దెకి ఉండేవాడయ్యాడు. ఆ తర్వాత ఓనర్లు మారుతూ పోయారు, 2007లో సైమన్ ప్రాపర్టీ గ్రూప్ చేతికొచ్చింది.

యాంకర్ల వరస చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. జేసీ పెన్నీ 1972లో మూడోదిగా వచ్చింది. డొనాల్డ్‌సన్స్‌ని 1987లో కార్సన్ పిరీ స్కాట్ వాళ్ళు కొన్నారు, బోర్డు మారింది. 1995లో అదే చోట మెర్విన్స్. 2004లో మెర్విన్స్ మూత. ఏళ్ళ తరవాత 2011లో హెర్‌బర్గర్స్, వాళ్ళ మాతృసంస్థ బాన్‌టన్ దివాలా తీసి 2018లో అదీ పోయింది. డేటన్స్ సంగతి ఇంకా బాధ. 1990లో సౌత్‌డేల్‌లోనే ఇంకా పెద్ద కొత్త స్టోరు కట్టుకున్నారు. 2000లో కంపెనీ పేరే టార్గెట్ కార్పొరేషన్ అయింది, చూడండి, కొడుకు పేరు తండ్రికి పెట్టారు. 2001లో డేటన్స్ బోర్డు తీసేసి మార్షల్ ఫీల్డ్స్ అన్నారు. 2004లో ఆ స్టోర్లని మే కంపెనీకి అమ్మేశారు, 2005లో ఆ మే కంపెనీని మేసీస్ ఓనరు ఫెడరేటెడ్ కొంది, 2006 సెప్టెంబర్లో దేశమంతా దాదాపు 400 స్టోర్లకి ఒకేసారి మేసీస్ అని బోర్డులు మార్చారు. ఐదేళ్ళలో అదే తలుపు మీద మూడు పేర్లు. నాతో పనిచేసిన ఒక పెద్దావిడ, ఇక్కడే పుట్టి పెరిగింది, రిటైర్ అయ్యేదాకా ఆ స్టోరుని డేటన్సే అంది. మేసీస్‌లో కోటు కొన్నానని ఎప్పుడూ అనలేదు.

మధ్యలో 1992 ఉంది. ఆగస్టు 11న మాల్ ఆఫ్ అమెరికా తెరిచారు, బ్లూమింగ్టన్‌లో, పాత బేస్‌బాల్ స్టేడియం ఉన్న చోట, సౌత్‌డేల్ నుంచి కారులో పది పదిహేను నిమిషాలు. లోపల రోలర్ కోస్టర్. చుట్టాలు ఇండియా నుంచి వస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తాం? అక్కడికే. సౌత్‌డేల్ అప్పట్లో పోతుందనే అనుకున్నారు చాలామంది.

చిన్న షాపుల మాట త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే అవి పోయిన కారణాలు మీకు తెలిసినవే. ఊల్‌వర్త్ 1997లో అమెరికాలో మిగిలిన కొట్లన్నీ మూసింది. కేసెట్లు, సీడీలు అమ్మే మ్యూజిక్‌ల్యాండ్, అది మన మిన్నెసోటా కంపెనీయే, 2006లో దివాలా. బి డాల్టన్ 2010లో. రేడియోషాక్ 2015లో. పాటలు ఫోన్లోకి వెళ్ళాయి, పుస్తకాలు ఇంటికే వస్తున్నాయి. అన్నిటికీ ఆన్‌లైనే కారణం అని చెప్పేస్తారు గానీ నాకు అది సగమే అనిపిస్తుంది. చాలా కంపెనీలు అప్పుతో కొనబడి, ఆ అప్పు వడ్డీలు కట్టలేక పోయాయి, అప్పు లేనివాళ్ళు అదే ఆన్‌లైన్ కాలంలో ఇంకా బతికే ఉన్నారు.

(వెనక నుంచి ఒకరు: మరి బ్రూక్‌డేల్ ఎందుకు పోయింది, సౌత్‌డేల్ ఎందుకు మిగిలింది అని.)

అవునండీ, ఇది అడగాల్సిన ప్రశ్న. రెండూ ఒకే కుటుంబం కట్టినవి. బ్రూక్‌డేల్ 2010లో మూతపడింది, తరవాత కూల్చేశారు. అక్కడున్న సియర్స్ అనే పెద్ద స్టోరుకి బిల్డింగ్ సొంతం కాబట్టి చుట్టూ మాల్ లేకపోయినా అది ఒక్కటే కొన్నేళ్ళు నిలబడింది, పెళ్ళివారంతా వెళ్ళిపోయాక పందిరి గుంజ ఒకటి మిగిలినట్టు. ఆ స్థలంలో వాల్‌మార్ట్ కట్టారు, 2023లో అదీ మూసేశారు. బ్రూక్‌డేల్ ఉన్న ఊరు బ్రూక్లిన్ సెంటర్, అక్కడ ఉండే జనం, వాళ్ళలో వలస వచ్చినవాళ్ళు చాలామంది, తమ బజారుని రెండుసార్లు పోగొట్టుకున్నారు. ఈడైనా డబ్బున్న ఊరు, చుట్టూ ఆసుపత్రులు, ఆఫీసులు, ఖరీదైన ఇళ్ళు. పెద్ద స్టోరు పోయినా ఆ స్థలానికి అడిగేవాడున్నాడు. సౌత్‌డేల్ మేనేజ్‌మెంటు తెలివైంది కాబట్టి బతికింది అని పేపర్లలో రాస్తుంటారు, నేను ఒప్పుకోను. చుట్టుపక్కల ఇళ్ళ ఆదాయం బతికించింది దాన్ని.

మరి ఇప్పుడు లోపల ఎవరున్నారు? పెన్నీ 2017లో మూసింది. దాన్ని పడగొట్టి అక్కడ లైఫ్ టైమ్ వాళ్ళు పెద్ద జిమ్ పెట్టారు, 2019లో తెరిచారు. ఇది మామూలు మార్పు కాదండీ. పాతకాలం లీజుల్లో జిమ్ పెట్టకూడదని ప్రత్యేకంగా రాసేవాళ్ళు. జిమ్‌కి వచ్చినవాడు గంటల తరబడి పార్కింగ్ ఆక్రమిస్తాడు, చెమటతో వెళ్ళిపోతాడు, బూట్లు కొనడు అని వాళ్ళ భయం. పెద్ద స్టోర్లకి ఆ షరతు మీద వీటో లాంటిది ఉండేది, అందరూ సంతకం పెడితేనే మార్చగలరు. ఇప్పుడు ఆ జిమ్మే లంగరు. వారానికి నాలుగుసార్లు వచ్చేది జిమ్ మనిషే, కోటు కొనేవాడు ఏడాదికోసారి వస్తాడు.

హెన్నెపిన్ కౌంటీ సర్వీస్ సెంటర్ కూడా మాల్ లోపలే ఉంది, డ్రైవింగ్ లైసెన్సులు అవీ. పార్కింగ్ లాట్‌లో ఒక మూల అపార్ట్‌మెంట్లు లేచాయి, హోటల్ వచ్చింది. ఇప్పుడు ఆ పాత బొమ్మ గుర్తు తెచ్చుకోండి. అపార్ట్‌మెంట్లు, ప్రభుత్వ ఆఫీసు, ఒళ్ళు చూసుకునే చోటు, దగ్గర్లో ఆసుపత్రి. గ్రూయెన్ 1950ల్లో అడిగినవే. ఆయన మాత్రం ఇవేవీ చూడలేదు. తన మాల్స్ చుట్టూ పార్కింగ్ సముద్రాలు పెరగడం చూసి విసిగిపోయి, ఆ పిల్లలు నా పిల్లలు కాదన్నంత గట్టిగా మాట్లాడి, 1968లో వియన్నా వెళ్ళిపోయాడు. తీరా అక్కడ కూడా ఊరి బయట పెద్ద షాపింగ్ సెంటర్ లేచింది. 1980లో పోయాడు.

ఒక్క తేడా ఉంది, అది నన్ను వదలట్లేదు. గ్రూయెన్ గీసింది ఊరు, ఊళ్ళో వీధి అందరిదీ. మాల్‌లో వీధి ఓనరుది. 1999లో మన మిన్నెసోటా సుప్రీంకోర్టు మాల్ ఆఫ్ అమెరికా కేసులో అదే చెప్పింది, లోపల నిరసన తెలిపే హక్కు రాష్ట్ర రాజ్యాంగం ఇవ్వదని. మంచుకాలంలో పొద్దున్నే నడవడానికి వచ్చే ముసలివాళ్ళుంటారు చూడండి, మన తల్లిదండ్రులు ఆరునెలలు ఉండటానికి వచ్చినప్పుడు మనం కూడా అక్కడే వదిలి వెళ్తాం, వాళ్ళకి ఇంకో వెచ్చని వీధి లేదు. మా అమ్మ వచ్చిన రెండు చలికాలాలూ ఆ పై అంతస్తులో చుట్లు కొట్టింది, అక్కడే ఇద్దరు గుజరాతీ ఆవిడలతో స్నేహం చేసింది, భాష రాకపోయినా. ఆ ముగ్గురూ ఒక్క సెంటు ఖర్చుపెట్టింది లేదు. వాళ్ళని ఎవరూ లెమ్మనలేదు, అది ఓనరు దయ, వాళ్ళ హక్కు మాత్రం కాదు. ఏదైనా కొత్త షాపింగ్ సెంటర్‌కి సిటీ పన్ను రాయితీ ఇస్తున్నప్పుడు మన కౌన్సిల్ మీటింగులకి వెళ్ళి, పొద్దున ఎన్నింటికి తలుపు తీస్తారు, బెంచీలెన్ని, బస్సు తలుపు దాకా వస్తుందా అని అడిగి, ఒప్పందంలో రాయించండి. కాగితం మీద లేని మాట నిలవదు, ఆ నగల కొట్టు వాళ్ళ విషయంలో చూశాను.

టైం అయిపోయింది అంటున్నారు. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి నేను లైఫ్ టైమ్ వైపు తలుపు దగ్గర ఉంటాను. రాగలిగినవాళ్ళు రండి, పిల్లల్ని కూడా తీసుకురండి, నడిచే బూట్లు వేసుకోండి. పాత డేటన్స్ ఎక్కడ ఉండేదో, డొనాల్డ్‌సన్స్ ఎటువైపో చూపిస్తాను. పిట్టల పంజరం ఉన్న చోట ఒక నిమిషం ఆగుదాం.